ఎపిసోడ్ 38: రమ్మీ కళ్ళతో లోబాల్ ఆడొద్దు

ఈ వారం టేబుల్ మీద ఒక పేక కట్ట, నాలుగు అగ్గిపెట్టెలు ఉన్నాయి. అగ్గిపుల్లలు ఎందుకో తర్వాత చెప్తా. ముందు ఒక ప్రశ్న. మీ చేతికి 3-4-5-6, ఒక రాజు వచ్చాయి. రాజును పారేసి ఒక ముక్క తీసుకోవచ్చు. మీరు హ్యాపీయా, కాదా?

రమ్మీ ఆడే ఇంట్లో పెరిగినవాళ్ళైతే ఆ నాలుగు ముక్కలు చూడగానే ముఖం వెలిగిపోతుంది. అటు 2 వచ్చినా సీక్వెన్సే, ఇటు 7 వచ్చినా సీక్వెన్సే. ఈరోజు మనం మాట్లాడే ఆటలో మాత్రం అటు 2 వచ్చినా పోయినట్టే, ఇటు 7 వచ్చినా పోయినట్టే. మీరు ఏళ్ళ తరబడి నేర్చుకున్న అందం ఇక్కడ మీ మీదకే తిరగబడుతుంది. తెలుగువాళ్ళకి ఈ ఆట నేర్పాలంటే ముందు మాట్లాడాల్సింది ఇదేనని నా అభిప్రాయం. రూల్స్ పది నిమిషాల్లో వస్తాయి, కళ్ళు మారడానికే టైమ్ పడుతుంది.

ఆట పేరు డ్యూస్ టు సెవెన్ ట్రిపుల్ డ్రా. లోబాల్ అనే కుటుంబంలో ఒకటి. లోబాల్ అంటే తక్కువ చేయి గెలిచే పోకర్. ఒక్కొక్కరికి ఐదు ముక్కలు, అన్నీ మూసే పంచుతారు. మూడుసార్లు ముక్కలు మార్చుకోవచ్చు. ప్రతిసారీ ఎన్ని కావాలంటే అన్ని పారేసి అన్ని తీసుకోవచ్చు, అసలు మార్చకుండా కూర్చోవచ్చు కూడా. అలా కూర్చోవడాన్ని ప్యాట్ అంటారు. మొదటి డ్రాకి ముందు ఒకసారి, ప్రతి డ్రా తర్వాత ఒకసారి, మొత్తం నాలుగుసార్లు పందెం. మొదటి రెండు రౌండ్లలో చిన్న పందెం, చివరి రెండింటిలో దానికి రెట్టింపు.

ఏ చేయి గెలుస్తుంది? జతలు చెడ్డవి. సీక్వెన్స్ చెడ్డది. ఐదూ ఒకే రంగైతే, అంటే ఫ్లష్ అయితే, అదీ చెడ్డదే. ఆసు ఎప్పుడూ పెద్ద ముక్కే, ఒకటిగా లెక్కలోకి రాదు. ఇవన్నీ తీసేస్తే మిగిలే అతి చిన్న చేయి 7-5-4-3-2, రంగులు కలిసి ఉండాలి. దాన్నే నంబర్ వన్ అంటారు. చేతుల్ని పోల్చడానికి నేను వాడే చిట్కా ఒకటి ఉంది. పెద్ద ముక్క నుంచి మొదలుపెట్టి ఐదంకెల నంబర్‌లాగా చదవండి. 75432, 76432, 85432. ఏ నంబర్ చిన్నదో ఆ చేయి గెలిచింది. కోడింగ్ తెలిసినవాళ్ళు హెక్సాడెసిమల్ గుర్తు తెచ్చుకోండి, 10ని A అనుకుంటే జాకీ B అవుతుంది, సరిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. నెట్‌లో లోబాల్ వీడియోలు చూస్తే కొన్నింట్లో A-2-3-4-5 బెస్ట్ హ్యాండ్ అని చెప్తారు. అది తప్పు కాదు, కానీ అది వేరే ఆట. దాన్ని ఏస్ టు ఫైవ్ అంటారు. కాలిఫోర్నియా కార్డ్ క్లబ్బుల్లో చాలా ఏళ్ళు నడిచింది అదే. అందులో ఆసు చిన్న ముక్క, సీక్వెన్స్, ఫ్లష్ పట్టించుకోరు. మన ఆటలో అదే A-2-3-4-5 వచ్చిందనుకోండి, అది ఆసు పెద్దగా ఉన్న ఒక పనికిమాలిన చేయి. రెండు వీడియోలు కలిపి చూసి ఆడితే గందరగోళమే.

ఇప్పుడు అసలు విషయం. 7 పెద్ద ముక్కగా ఉండే చేతులు ఎన్ని రకాలు? 7 ఉండాలి, మిగతా నాలుగు 2 నుంచి 6 లోపల ఉండాలి. ఐదింట్లోంచి నాలుగు తియ్యాలి, అంటే ఐదు రకాలు. అందులో 2 లేనిది ఒక్కటే, 3-4-5-6-7. అది సీక్వెన్స్, పోయింది. మిగిలినవి నాలుగు: 75432, 76432, 76532, 76542. ఏం గమనించారు? నాలుగింట్లోనూ 2 ఉంది. అంటే 2 లేకుండా 7 చేయి అనేదే లేదు. ఇది ఎవరో పెద్ద ప్లేయర్ పెట్టిన రూల్ కాదు, లెక్కే అలా ఉంది. కట్టలో 2లు నాలుగే. కాబట్టి రమ్మీలో జోకర్‌ని ఎలా చూస్తారో, ఇక్కడ 2ని అలా చూడండి. మీ దగ్గర 2 ఉందంటే మీకు దారి తెరిచి ఉందనే కాదు, అవతలివాళ్ళకి ఒక దారి మూసుకుపోయిందని కూడా.

ల్యాప్‌టాప్ తెరుస్తున్నా. రెండు చేతులు పోలుద్దాం. మీ దగ్గర 2-3-4-5 ఉంది, ఫ్రెండ్ దగ్గర 2-3-4-7 ఉంది. ఇద్దరికీ ఒక ముక్క కావాలి. ఎవరిది బెటర్? నంబర్ చూస్తే 5 చిన్నది కాబట్టి మీదే అనిపిస్తుంది. ఇప్పుడు లెక్కపెట్టండి. 8 లేదా అంతకన్నా మంచి చేయి కావాలంటే మీకు 7 రావాలి, లేదా 8 రావాలి. 6 వస్తే సీక్వెన్స్. అంటే ఎనిమిది ముక్కలు. ఫ్రెండ్‌కి 5 వస్తే నంబర్ వన్, 6 వస్తే నంబర్ టూ, 8 వచ్చినా బాగుంది. పన్నెండు ముక్కలు. మీరు చూసిన ఐదు పోను మిగిలిన 47లో మీకు 8, అంటే 17 శాతం. ఫ్రెండ్‌కి 12, అంటే 25 పైన. మూడు డ్రాలూ వాడుకుంటే ఫ్రెండ్‌కి 100కి 60 సార్లు 8 లేదా అంతకన్నా మంచి చేయి పడుతుంది.

అదే మొదట అడిగిన 3-4-5-6కి చూడండి. 2 వస్తే సీక్వెన్స్, 7 వస్తే సీక్వెన్స్, మిగిలింది 8 ఒక్కటే. నాలుగు ముక్కలు. 47కి 4. అంత అందంగా పేర్చినట్టున్న చేయికి తొమ్మిది శాతం కూడా లేదు. ముక్కల మధ్య ఖాళీ ఉండాలి ఈ ఆటలో. 2-3-7, 2-4-7, 2-5-7 లాంటివి చూడ్డానికి చెల్లాచెదురుగా ఉంటాయి, కానీ బంగారం. 4-5-6, 5-6-7 పక్కపక్కన నిలబడి నవ్వుతుంటాయి, ముంచుతాయి.

సరే, ఏ చేయితో ఆడాలి? పంచగానే మార్చక్కర్లేని 8 చేయి పడటం 142 పంపకాలకి ఒకసారి. 9 వరకూ సరే అనుకుంటే దాదాపు 49కి ఒకసారి. నంబర్ వన్ నేరుగా చేతికి రావడం రెండున్నర వేల పంపకాలకి ఒక్కసారి, దాని గురించి మర్చిపోండి. అంటే మీరు ఆడే చేతులన్నీ దాదాపు అసంపూర్ణంగానే మొదలవుతాయి. ఒక ముక్క కావాల్సిన మంచి చేయి అయితే ధైర్యంగా పందెం పెంచండి. రెండు ముక్కలు కావాలంటే చేతిలో ఉన్న మూడింటిలో 2 ఉండాలి, మూడూ 7 లోపే ఉండాలి. 2-3-8 కూడా అప్పుడప్పుడు ఓకే. మూడు ముక్కలు తీయాల్సిన చేయి బిగినర్లకి వద్దు. అందరూ డ్రాప్ అయిపోయి చివర్లో మీ వంతు వచ్చి, చేతిలో 2-3 లాంటిది ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. నాలుగు ముక్కలు మార్చేవాళ్ళని చూస్తే నాకైతే జాలేస్తుంది.

'ఇలా అయితే సగం పైన డ్రాప్ అవుతూనే కూర్చోవాలి కదా' అంటారు. అవును, కూర్చోవాలి. ఇందులో మాత్రం మీ రమ్మీ బుర్ర పనికొస్తుంది. రమ్మీలో ఫస్ట్ డ్రాప్ 20, మిడిల్ డ్రాప్ 40, ఫుల్ కౌంట్ 80. చెత్త ముక్కలు పడ్డప్పుడు 20 ఇచ్చి తప్పుకున్నవాడు తెలివైనవాడని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. మా మావయ్యలు ఆడేటప్పుడు ముక్కలు ఎత్తిన మూడు సెకన్లలో డ్రాప్ చెప్పేవాళ్ళు, నాకు చిన్నప్పుడు అది పిరికితనంలా కనిపించేది. ఇక్కడా అంతే. మొదట్లో చిన్న పందెం, చివర్లో రెట్టింపు పందెం అని చెప్పా కదా. ఇప్పుడు వదిలేయడానికి సిగ్గుపడినవాడు మూడో డ్రా దగ్గర దానికి రెట్టింపు ఇచ్చి వదిలేస్తాడు.

అగ్గిపుల్లల సంగతి. ఇలాంటి ఎపిసోడ్ పెడితే 'అన్నా, ఏ యాప్‌లో ఆడాలి' అనే ప్రశ్న కచ్చితంగా వస్తుంది. డబ్బు పెట్టి ఏ యాప్‌లోనూ వద్దు. ఇది సలహా మాత్రమే కాదు, చట్టం. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని చెప్పింది, మూడు ముక్కలాట లాంటిది కాదు అని. చాలా ఏళ్ళు అందరూ ఆ తీర్పునే పట్టుకుని వాదించారు. తర్వాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలు మార్చి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని ఆపేశాయి. 2025 ఆగస్టులో దేశం మొత్తానికి కొత్త చట్టం వచ్చింది. అందులో నైపుణ్యమా, అదృష్టమా అనే తేడానే లేదు, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆట అయితే చాలు. కాబట్టి 'ఇది స్కిల్ గేమ్ బ్రో' అని ఎవరైనా లింక్ పంపితే, ఆట గురించి అతను చెప్పింది నిజమే కావచ్చు, లింక్ మాత్రం నొక్కకండి.

అమెరికాలో ఇదే స్కిల్ వాదన ఇంకో దారిలో నడిచింది. బిల్లీ బాక్స్‌టర్ అని లోబాల్‌లో పెద్ద పేరు. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో ఏడు బ్రేస్‌లెట్లు గెలిచాడు, ఏడూ తక్కువ చేయి గెలిచే ఆటల్లోనే. ఆయన పోకర్ సంపాదనని అక్కడి ట్యాక్స్‌వాళ్ళు కష్టపడి సంపాదించింది కాదన్నారు, ఎక్కువ రేటు పన్ను వేశారు. ఆయన కోర్టుకెళ్ళాడు. 1986లో నెవాడాలోని ఫెడరల్ కోర్టు ఆయన నైపుణ్యమే ఆ డబ్బు తెచ్చిందని ఒప్పుకుంది. ఆ నైపుణ్యం ఎక్కడుందో ఇప్పుడు చూద్దాం, ఎందుకంటే ముక్కలు ఎంచుకోవడం దానిలో సగమే.

మిగతా సగం ఎదుటివాడు ఎన్ని ముక్కలు తీసుకున్నాడో చూడటం. అందరి ముక్కలూ మూసే ఉంటాయి, కానీ ఎవరు ఎన్ని మార్చారో అందరికీ కనిపిస్తుంది. ఈ ఆటలో మీకు దొరికే నిఖార్సైన సమాచారం అదే. అతను రెండు తీశాడు, మీరు ఒకటి తీశారు, అంటే మీరు ముందున్నారు, పందెం కాయండి. అతను ఒకటి, మీరు రెండు, అయితే చేయి బాగుపడకపోతే వదిలేయండి. ఫోన్ చూసుకుంటూ ఆడేవాళ్ళు ఇక్కడే ఓడిపోతారు. ఎవరెన్ని తీశారో వాళ్ళకి గుర్తుండదు, మళ్ళీ అడిగితే చేతిలో ఏదో ఉందని అందరికీ తెలిసిపోతుంది. అందుకే చివర్లో మార్చుకునేవాడికి, అంటే బటన్ దగ్గర కూర్చున్నవాడికి, ఎప్పుడూ లాభం. ఎదుటివాడి నిర్ణయం చూశాక తన నిర్ణయం తీసుకుంటాడు.

ఉదాహరణ చూడండి. ఇద్దరే మిగిలారు, ఆఖరి డ్రా. మీ దగ్గర 10-8-6-4-3 ఉంది. గొప్ప చేయి కాదు. ఎదుటివాడు మీకన్నా ముందు ఒక ముక్క తీశాడు. మీరు ఆ 10ని పారేయాలా, అలాగే ఉండాలా? అతని దగ్గర 2-3-4-7 ఉందనుకుందాం, అంటే మంచి డ్రానే. మీ ఐదు, అతని నాలుగు పోతే 43 ముక్కలు. అతన్ని గెలిపించేవి 5, 6, 8, 9, 10, అన్నీ కలిపితే 17. అంటే 100కి 60 సార్లు మీరే గెలుస్తారు, ఏమీ చెయ్యకుండా! ఆ 10 స్థానంలో జాకీ ఉంటే దాదాపు బొమ్మా బొరుసూ. రాణి ఉంటే అతని వైపే మొగ్గు. అదే 10 చేయి, ఇంకా రెండు డ్రాలు మిగిలి ఉన్నప్పుడైతే? అతనికి రెండు ఛాన్సులు, మీరు కదలకుండా కూర్చుంటే గెలిచేది 36 సార్లే. అంటే చేయి మారలేదు, టైమ్ మారింది. రెండో డ్రాలో ఆ 10ని పారేసి 3-4-6-8తో ముందుకెళ్ళొచ్చు, మూడో డ్రాలో దాన్నే పట్టుకుని కూర్చోవాలి. ఇక అతను మీకన్నా ముందే ప్యాట్ అన్నాడంటే కథ వేరు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడేవాడు ఊరికే ఆగడు, అప్పుడు మీ 10 నిలవదు.

కాల్ చెయ్యాలా వద్దా అనేది పుల్లలతో చూపిస్తా. చిన్న పందెం 2, పెద్ద పందెం 4. ముందే మధ్యలో పెట్టాల్సిన బ్లైండ్లు 1, 2. బటన్‌వాడు 4కి పెంచాడు, చిన్న బ్లైండ్ డ్రాప్, బిగ్ బ్లైండ్‌లో ఉన్న మీరు కాల్. మధ్యలో 9 పుల్లలు. ఒక డ్రా అయ్యాక అతను 2, మీరు 2, మొత్తం 13. రెండో డ్రాలో అతను ప్యాట్ అన్నాడు, 4 కాశాడు. ఇప్పుడు 17. మీరు 4 ఇస్తే మొత్తం 21 అవుతుంది, కాబట్టి కనీసం 19 శాతం గెలిచే అవకాశం ఉంటేనే ఆ 4 ఇవ్వాలి. అతని దగ్గర 8-7తో మొదలయ్యే చేయి ఉందనుకోండి. మీరు ప్రతిసారీ ఒక ముక్క తీస్తూ వచ్చారు, ఇప్పటికి ఏడు ముక్కలు చూశారు, మిగిలినవి 45. మీది 2-3-4-7 అయితే 45కి 12, దాదాపు 27 శాతం, హాయిగా ఇవ్వండి. 2-3-4-5 అయితే 45కి 8, 18 శాతం లోపే. చేయి కలిస్తే చివరి రౌండ్‌లో అతని దగ్గర ఇంకో 4 రావచ్చు కాబట్టి కావాల్సింది 16కి దిగుతుంది, కష్టంగా గట్టెక్కుతుంది. 3-4-5-6 అయితే ఆ 4 పుల్లలతో టీ పెట్టుకోవడం మేలు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తా, ఇది బిగినర్లకి అవసరమా అంటే డౌటే, కానీ చాలా సరదా. దాన్ని స్నో అంటారు. మీకు 2-2-2-7-7 లాంటిది పడింది. చేయిగా చూస్తే ఇంతకన్నా చెత్త ఉండదు. కానీ కట్టలో ఉన్న నాలుగు 2లలో మూడు మీ దగ్గరే ఉన్నాయి. ఎదుటివాడికి 7 చేయి పడాలంటే ఆ మిగిలిన ఒక్క 2 కావాలి, మీరు లాగేసుకున్న 7లు పోను మిగిలిన రెండిట్లో ఒకటీ కావాలి. ఈ సంగతి మీకు తెలుసు, అతనికి తెలియదు. కాబట్టి ఒక్కడే ఎదురుగా ఉన్నప్పుడు, ఏమీ మార్చకుండా ప్యాట్ అని, ప్రతి రౌండ్‌లో పందెం కాస్తూ పోతారు. అతను ఒక్కో ముక్క తీస్తూ, జతలు పడుతూ, చివరికి విసుగొచ్చి వదిలేస్తాడు. ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు మాత్రం చెయ్యకండి, ఎవడో ఒకడు కాల్ చేస్తాడు. ప్రతి దానికీ కాల్ చేసే ఫ్రెండ్ ఒకడు ప్రతి గ్రూప్‌లో ఉంటాడు, వాడి మీద అసలే వద్దు. వాడికి మీ కథ వినిపించదు.

ఈ వీకెండ్‌కి పని. ఒంటరిగా కూర్చుని 50 సార్లు ఐదేసి ముక్కలు పంచుకోండి. ప్రతిసారీ రెండే ప్రశ్నలు. ఆడతానా, డ్రాప్ అవుతానా? ఆడితే ఏవి పారేస్తాను? పేపర్ మీద గీతలు పెట్టుకోండి. 50లో మీరు ఆడినవి 25 దాటితే రమ్మీ కళ్ళు ఇంకా పోలేదని అర్థం, ఇంకో 50 పంచుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో బదుగీ, అందులో నాలుగే ముక్కలు, నాలుగూ నాలుగు రంగులు కావాలి. బై.